పట్టి విడవని వెనుక బ్రేకు: పాత మోటార్‌సైకిల్ డ్రమ్ముతో దీర్ఘకాల అనుభవం

పాత మోటార్‌సైకిళ్ల డ్రమ్ బ్రేకులు సరిగా ఆగవన్న పేరు ఎప్పటి నుంచో ఉంది. ఏళ్ల తరబడి అలాంటి బండినే నడుపుతున్న నాకు వెనుక బ్రేకు ఆపడంలో లోటు చేసిన సందర్భాలు అరుదు. అది విసిగించిందల్లా పట్టాక విడవకపోవడంలోనే. ఇక్కడ రాస్తున్నది పెడల్ నుంచి ఇనుప రాడ్డుతో పనిచేసే, ఒక క్యామ్ (తిరిగి షూలను బయటికి నెట్టే ముక్క), రెండు షూలు (చక్రంతో తిరిగే డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకునే వంపు ముక్కలు) మాత్రమే ఉన్న సాదా బ్రేకు గురించి. ఇంత తక్కువ భాగాలున్న యంత్రం మొరాయిస్తే కారణం ఇట్టే దొరకాలి. అయినా దొరకకపోవడానికి కారణం, మనం తొందరపడి చక్రం విప్పేయడమేనని నా అభిప్రాయం. విప్పిన మరుక్షణం బ్రేకు ఎక్కడ పట్టిందో చెప్పే ఆనవాళ్లన్నీ చెదిరిపోతాయి.

పెడల్ మీద నుంచి కాలు తీసినా బండి తోపుకు కదలకపోవడం, బ్రేకు వాడకుండా కొంత దూరం వెళ్లినా వెనుక హబ్బు (చక్రం నడిమి భాగం) ముందుదాని కంటే బాగా వేడెక్కడం అసలు లక్షణాలు. వేడిని చూడటానికి హబ్బును తాకనక్కర్లేదు, అరచేతిని దగ్గరగా ఉంచితే చాలు. వానలో తడిసి రాత్రంతా నిలిచిన బండి పొద్దున్నే మొదటి తోపుకు టక్కుమని విడిపోతే మాత్రం దాన్ని జబ్బుగా లెక్కించనక్కర్లేదు. ఇనుప డ్రమ్ములో పట్టిన పలుచని తుప్పు షూల మీది రాపిడి పొరకు, అంటే లైనింగుకు, అంటుకుని ఉంటుంది, కాసేపు బ్రేకు వాడితే అదే పోతుంది.

నేను నమ్మే పరీక్ష ఒక్కటే. బ్రేకు పట్టి ఉన్నప్పుడే, వేరే ఏదీ కదపకుండా, రాడ్డు చివరనున్న సర్దుబాటు నట్టును వదులు చేసి, బ్రేకు ప్లేటు (షూలను మోస్తూ డ్రమ్మును మూసే, తిరగని పలక) మీద క్యామ్‌ను తిప్పే లీవర్ ఏం చేస్తుందో చూడాలి. రాడ్డు వదులవగానే లీవర్ తనంతట తాను వెనక్కి వచ్చి చక్రం తిరిగితే లోపం పెడల్ వైపు ఉన్నట్టు. రాడ్డు వదులైనా లీవర్ కదలక, చేత్తో నెడితేనే వెనక్కి వస్తే క్యామ్ ఇరుసు బిగుసుకున్నట్టు. లీవర్ పూర్తిగా వెనక్కి వచ్చినా చక్రం ఈడుస్తూనే ఉంటే అప్పుడు షూలను, డ్రమ్మును, యాక్సిల్‌ను (చక్రం ఇరుసును) అనుమానించాలి.

నా బండిలో ఎక్కువసార్లు లోపం తేలింది రెండో చోట. క్యామ్ ఇరుసు బ్రేకు ప్లేటులోని బుష్‌లో (ఇరుసును పట్టి ఉంచే గొట్టంలో) తిరుగుతుంది. దాని బయటి కొస రోడ్డు నీళ్లకు, బురదకు ఎదురుగా ఉంటుంది. దాన్ని బయటకు లాగి చూస్తే నడిమి భాగం నున్నగా మెరుస్తూనే ఉంటుంది. లీవర్ వైపు చివర మాత్రం వేలి గోరుకు తగిలేంత మందాన గోధుమరంగు తుప్పు కట్టు, దాని పక్కన బెల్లం పాకంలా గట్టిపడిన పాత గ్రీజు కనిపిస్తాయి. షూల రిటర్న్ స్ప్రింగులకు ఆ మాత్రం రాపిడిని గెలిచే బలం ఉండదు. సన్నని ఎమరీ కాగితంతో తుప్పు తీసి, బుష్‌ను కిరోసిన్‌తో కడిగి ఆరనిచ్చి, వేడికి కరగని గ్రీజును పొరలా మాత్రమే పూసి బిగించాలి. షూలు పెట్టకముందు క్యామ్ రెండు వేళ్లతో తిరగాలి. షూలు, స్ప్రింగులు ఎక్కించాక లీవర్‌ను లాగి వదిలితే చురుగ్గా వెనక్కి కొట్టుకోవాలి. కొన్ని పాత బండ్లకు ఇరుసు దగ్గర గ్రీజు నిపుల్ ఉంటుంది. దాంట్లోకి గన్నుతో ధారాళంగా ఎక్కించే అలవాటు మంచిది కాదు, మిగిలిన గ్రీజు చేరేది లైనింగుల మీదికే.

క్యామ్ ఇరుసు శుభ్రంగా ఉన్నా బ్రేకు పట్టేయడానికి ఇంకో కారణం ఉంది, దీన్ని గమనించేవారు తక్కువ. లైనింగులు అరిగేకొద్దీ షూలు డ్రమ్మును చేరడానికి క్యామ్ మరింత తిరగాలి. బల్లపరుపు ముఖాలున్న క్యామ్ తిరిగి తిరిగి షూల మధ్య దాదాపు నిలువుగా నిలబడితే, స్ప్రింగుల బలం సూటిగా ఇరుసు కేంద్రం మీదికే పోతుంది కాబట్టి దాన్ని వెనక్కి తిప్పే శక్తి ఏదీ మిగలదు. పెడల్ కిందికి పోతోందని లీవర్‌ను ఇరుసు పళ్ల మీద ఒక పన్ను జరిపి బిగించే మెకానిక్కులు ఉన్నారు. అలా చేస్తే పెడల్ పైకి వస్తుంది గానీ క్యామ్ పరిస్థితి మారదు, అరుగుదల కంటికి కనిపించకుండా పోతుంది, అంతే. బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు లీవర్‌కు, రాడ్డుకు మధ్య కోణం 90 డిగ్రీలు దాటుతుంటే ముందుగా లైనింగు మందం చూడటం మేలు.

పెడల్ వైపు లోపాలు చిన్నవి. పెడల్ ఇరుసు ఎండిపోవడం, పెడల్ స్ప్రింగు సాగిపోవడం వంటివి. చైన్ బిగించడానికి చక్రాన్ని వెనక్కి జరిపినప్పుడు రాడ్డు కూడా బిగుస్తుందన్నది మాత్రం మరవకూడదు. పెడల్‌కు 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఖాళీ కదలిక నేను ఉంచుతాను, అదీ బండి మీద మనిషి కూర్చున్నప్పుడు చూసి. స్వింగ్ ఆర్మ్ (వెనుక చక్రాన్ని పట్టి పైకీ కిందికీ ఊగే చేయి) కదిలితే రాడ్డు బిగువు మారుతుంది, స్టాండు మీద సరిగ్గా ఉన్న బ్రేకు రోడ్డు మీద ఈడ్చవచ్చు.

లీవర్ వెనక్కి వచ్చినా చక్రం ఈడుస్తుంటే యాక్సిల్ నట్టును కాస్త వదులు చేసి చూడండి. చక్రం వెంటనే తేలికైతే స్పేసర్ (యాక్సిల్ మీద భాగాల మధ్య దూరం నిలిపే గొట్టం ముక్క) ఒకటి తప్పిపోయిందో, కొలత తప్పిందో చూసుకోవాలి. అప్పుడు బ్రేకు ప్లేటు హబ్బుకు ఒరుసుకుంటూ ఉంటుంది. కొత్త షూలు వేశాక ఈడుస్తుంటే, నట్టు వదులుగా ఉండగా పెడల్‌ను గట్టిగా తొక్కి పట్టి, అదే స్థితిలో నట్టు బిగిస్తే షూలు డ్రమ్ము మధ్యకు సర్దుకుంటాయి. మితిమీరి బిగించిన చైన్ కూడా ఇదే భ్రమ కల్పిస్తుంది.

షూల విషయంలో నా తీర్పు స్పష్టం. అంగడిలో తయారుగా దొరికే జతలు నేను వాడినవి డ్రమ్ములోకి దూరడానికే మొండికేశాయి, సాన పెట్టాల్సి వచ్చింది. అసలు షూలకే కొత్త లైనింగు వేయించి, డ్రమ్ము లోపలి కొలతకు లేత్ మీద తిప్పించి, ముందు అంచును ఏటవాలుగా తీయించిన జత నాకు ఎక్కువ కాలం వచ్చింది, గుంజుడు లేకుండా పట్టింది. ముందు షూ తిరిగే డ్రమ్ముతో పాటు లోనికి లాగబడుతుంది, అందుకే అంచు మొనగా ఉంటే కరుచుకుంటుంది. స్ప్రింగులను విప్పి చూసినప్పుడు చుట్ల మధ్య సందు కనిపిస్తే సాగినట్టే, రెండూ కలిపి మార్చాలి. ఈ పనులన్నిటిలో లోపలి దుమ్మును గాలితో ఊదవద్దు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, తడిగుడ్డతో తుడవడమే క్షేమం.

ప్రతి చుట్టులోనూ ఒకే చోట ఈడ్పు తగులుతూ, బ్రేకు పట్టినప్పుడు పెడల్ కాలి కింద కొట్టుకుంటుంటే డ్రమ్ము గుండ్రం తప్పినట్టు. పుల్లల చక్రమైతే ముందు పుల్లల బిగువు సరిచేయించి, చక్రం కూర్పుతోనే డ్రమ్మును లేత్ ఎక్కించాలి. డ్రమ్ము మీద గరిష్ఠ వ్యాసం అచ్చు వేసి ఉంటే అది దాటనివ్వకూడదు. కోసిన మేరకు మందమైన లైనింగు వేయించకపోతే షూలకు దూరం పెరిగి, క్యామ్ మళ్లీ నిలువుగా తిరిగి, బ్రేకు పట్టేయడం మొదలవుతుంది.