డిస్క్ జారితే ఫిజియోథెరపీయా, ఆపరేషనా?

ఎమ్మారై రిపోర్టులో ‘ఎల్4–ఎల్5 డిస్క్ బల్జ్’ (నడుము కింది భాగంలో రెండు వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్క్ ఉబ్బడం) అని చూసి బెంబేలెత్తనక్కరలేదు. ఏ నొప్పీ లేని 50 ఏళ్లవారిలోనూ సగానికి పైగా మందికి ఏదో ఒక డిస్క్‌లో ఇలాంటి ఉబ్బు కనిపిస్తుంది.

ఖర్చు: ఫిజియోథెరపీకి తక్కువే గానీ వారాల తరబడి తిరగాలి, ఆపరేషన్‌కు ఒకేసారి పెద్ద మొత్తం కావాలి.

శ్రమ: వ్యాయామంలో భారమంతా రోగిదే (నాలుగు రోజులు చేసి, గుణం లేదని మానేసేవారే ఎక్కువ).

ప్రమాదం: మైక్రోడిసెక్టమీలో (చిన్న కోతతో జారిన డిస్క్ ముక్కను తీసేసే ఆపరేషన్) ఇన్ఫెక్షన్, నరానికి గాయం అరుదు; డిస్క్ మళ్లీ జారడం అంత అరుదు కాదు.

ఫలితం: కాలిలోకి దిగే నొప్పి ఆపరేషన్‌తో త్వరగా తగ్గినా, ఏడాది తిరిగేసరికి రెంటి మధ్య తేడా చాలావరకు చెరిగిపోతుంది.

చాలామందికి 6 నుంచి 12 వారాల్లో ఉపశమనం దొరుకుతుంది కనుక ముందు ఫిజియోథెరపీయే మేలు; ఆ తరువాతా కాలినొప్పి నిద్రపోనివ్వకపోతే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు. నడుస్తుంటే చెప్పు తెలియకుండా జారిపోయేంతగా పాదం బలహీనపడితే వెంటనే సర్జన్‌ను కలవాలి. మూత్రం బిగిసినా, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.