గోడకి పాత నగరాల మ్యాప్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఒక్క ఫోటో అడగండి

హాల్లో సోఫా వెనక గోడ కోసం చాలా రోజులు వెతికి, ఇటలీ సర్వేయర్ జాంబట్టిస్టా నోల్లి 1748లో అచ్చు వేయించిన రోమ్ మ్యాప్ ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేశాను. "ఒరిజినల్ వింటేజ్, మ్యూజియం క్వాలిటీ" అని రాశారు. ట్యూబ్ లోంచి తీసి పరిచాక ప్రాణం ఉసూరుమంది.

ఆ మ్యాప్ అందమంతా వివరాల్లోనే ఉంది. చర్చిల లోపలి భాగాలను కూడా వీధుల్లాగే తెల్లగా వదిలి, మిగతా కట్టడాలను నల్లటి గీతలతో నింపాడాయన. జనం ఎక్కడెక్కడ తిరగగలరో చూడగానే తెలుస్తుంది. వెయ్యికి పైగా చోట్లకు అంకెలు వేశాడు. నాకు వచ్చినదాంట్లో ఆ అంకెలు నలిపిన చీమల్లా ఉన్నాయి. ఫ్రేమ్ కొలతకి సరిపెట్టడానికి కింద దూరాలు చూపే కొలత గీత, అంచులు కోసేశారు. మధ్యలో మడత గీత కనిపిస్తుంది, కానీ వేలు పెట్టి రాస్తే నున్నగా ఉంది. మడత కూడా అచ్చే!

అసలు ఆ మ్యాప్ పన్నెండు రాగి రేకుల మీద చెక్కింది. షీట్లన్నీ కలిపితే వెడల్పే రెండు మీటర్లు దాటుతుంది. ఒక్క చిన్న కాగితం మీద "ఒరిజినల్" ఎలా వస్తుంది? రాగి రేకు అచ్చులో గీత భూతద్దం కింద తెగకుండా, పదునుగా కనిపిస్తుంది. నా దాంట్లో అన్నీ రంగు చుక్కలే.

ఫోటోలు తీసి పంపితే "పాత మ్యాప్‌లు అలాగే ఉంటాయి, ఇది మీ కోసం వేసిన ప్రింట్ కాబట్టి రిటర్న్ లేదు" అన్నారు. పాతదైతే మసకగా ఉండాలా? ఇది చిన్న ఇమేజ్‌ని సాగదీయడం వల్ల వచ్చిన మసక. 24×36 అంగుళాల ప్రింట్ దగ్గర నుంచి చూసినా స్పష్టంగా ఉండాలంటే, అంగుళానికి 300 చుక్కల లెక్కన 7200×10800 పిక్సెల్స్ కావాలి. వెయ్యి పిక్సెల్స్ బొమ్మని 36 అంగుళాలకి లాగితే అంగుళానికి ముప్పై కూడా రావు. లిస్టింగ్‌లో సోఫా పైన వేలాడుతున్న ఫోటో చూస్తే ఇదేమీ తెలియదు. నేను అక్కడే మోసపోయాను.

నిజానికి రీప్రింట్ కొనడంలో తప్పేం లేదు, రీప్రింట్ అని చెప్పి అమ్మితే చాలు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, డేవిడ్ రమ్సే మ్యాప్ కలెక్షన్ సైట్లలో పాత నగరాల మ్యాప్‌ల పెద్ద స్కాన్‌లు ఉచితంగా దొరుకుతాయి. ఒకటి దించుకుని, మంచి ప్రింటర్ దగ్గర త్వరగా వెలవని పిగ్మెంట్ ఇంకుతో, త్వరగా పసుపెక్కని యాసిడ్ లేని కాగితం మీద వేయించుకోవచ్చు. ఎండ నేరుగా పడే గోడకి మాత్రం ఏదీ పెట్టకండి, వెలిసిపోతుంది.

కొనాలనే అనుకుంటే సెల్లర్‌ని ఒకటే అడగండి: మ్యాప్‌లో ఏదైనా ఒక చిన్న వీధి పేరు, పక్కన స్కేలు పెట్టి, దగ్గరగా తీసిన ఫోటో. చేతిలో మంచి ప్రింట్ ఉన్నవాళ్ళకి అది రెండు నిమిషాల పని. నేను కొన్న తర్వాత అడిగాను, ఇప్పటికీ జవాబు లేదు.