స్పోర్ట్ టైరా, స్పోర్ట్ టూరింగ్ టైరా: రోడ్డు మీద ఏది మేలు?

మోటార్‌సైకిల్‌కు టైర్లు మార్చే వేళ వచ్చిందంటే చాలామంది మొదట అడిగేది "దేనికి గ్రిప్ ఎక్కువ?" అని. జవాబు తేలికే: రేసు ట్రాక్ కోసం చేసిన మెత్తటి టైరుకు. ఆ జవాబుతో రోడ్డు మీద తిరిగేవారికి ఒరిగేదేమీ లేదు. ఎంత వేడి దగ్గర, ఎలాంటి నేల మీద అన్నది తేలకుండా గ్రిప్ గురించి మాట్లాడి లాభం లేదు. ఉదయం బండి తీసి మొదటి కూడలి చేరేసరికి ఎవరో అడ్డం వస్తారు. గట్టిగా బ్రేకు వేయాలి. అప్పటికి టైరు ఇంకా చల్లగానే ఉంటుంది, రోడ్డు తడిగా ఉన్నా ఉండవచ్చు. టైరును ఎంచుకోవలసింది ఆ క్షణం కోసమేనని నా లెక్క.

రోడ్డు బండ్ల టైర్లలో అసలు పోటీ రెండు రకాల మధ్య. స్పోర్ట్ టైర్ల వరుసలో పిరెల్లీ డయాబ్లో రోసో, మిషెలిన్ పవర్, బ్రిడ్జ్‌స్టోన్ బ్యాట్లాక్స్ ఎస్ శ్రేణి వంటివి వస్తాయి. స్పోర్ట్ టూరింగ్ వరుసలో మిషెలిన్ రోడ్, పిరెల్లీ ఏంజెల్ జీటీ, మెట్జెలర్ రోడ్‌టెక్, డన్‌లప్ రోడ్‌స్మార్ట్ వంటివి. పేరులో టూరింగ్ అని ఉంది కాబట్టి అది సామాను కట్టుకుని ఊళ్లు తిరిగేవారి టైరు అనుకుని పక్కన పెట్టేవారు చాలామంది. రోజూ పనికి వెళ్లి వచ్చేవారికి, సెలవు రోజున సరదాగా వంపుల దారి పట్టేవారికి కూడా నేను చెప్పేది ఆ స్పోర్ట్ టూరింగ్ టైరే.

కారణం వేడి. చల్లగా ఉన్న రబ్బరు బిగుసుకుని ఉంటుంది, నేల మీది గరుకులోకి ఒదగదు. వేడెక్కే కొద్దీ మెత్తబడి పట్టుకుంటుంది. ఏ వేడి దగ్గర బాగా పట్టుకోవాలన్నది రబ్బరు మిశ్రమం తయారుచేసేటప్పుడే నిర్ణయమైపోతుంది. రేసుల్లో టైర్లకు వార్మర్లు, అంటే కరెంటుతో వేడెక్కే తొడుగులు చుట్టి 80 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు తెచ్చి గాని బండిని ట్రాక్ మీదికి వదలరు. రోడ్డు మీద ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుంది? టైరు వేడెక్కేది బరువు కింద పదేపదే నొక్కుకుపోయి మళ్లీ లేచినప్పుడు, గట్టిగా బ్రేకు వేసినప్పుడు, వంపులో వాల్చి వేగం పెంచినప్పుడు. సిగ్నల్ దగ్గర ఆగుతూ, లారీ వెనక నెమ్మదిగా సాగుతూ, మళ్లీ ఆగుతూ వెళ్లే బండికి ఆ అవకాశమే తక్కువ. స్పోర్ట్ టూరింగ్ టైరు రబ్బరు తక్కువ వేడికే పనిలోకి దిగేలా ఉంటుంది. నేటి స్పోర్ట్ టైర్లు కూడా ఈ విషయంలో బాగా మెరుగుపడ్డాయి, కాదనను. వాటికీ పైమెట్టులో, రోడ్డు మీద తిరగడానికి అనుమతి ఉన్న ట్రాక్ టైర్లను మాత్రం రోజువారీ బండికి వేయించుకోవద్దు. గాలి తగ్గిస్తే గ్రిప్ పెరుగుతుందన్న మాట కూడా ట్రాక్ నుంచి వచ్చిందే. రోడ్డు మీద బండి తయారీదారు చెప్పిన ఒత్తిడే సరైనది, అదీ టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి.

తడి రోడ్డు సంగతికి వస్తే, రెండు టైర్లను పక్కపక్కన పెట్టి చూడండి. స్పోర్ట్ టైరుకు నడిమి భాగంలో కొద్దిపాటి గాడులు ఉండి, భుజాల దగ్గరికి, అంటే అంచుల వైపు వచ్చేసరికి రబ్బరు దాదాపు నున్నగా ఉంటుంది. స్పోర్ట్ టూరింగ్ టైరుకు గాడులు ఎక్కువ, అవి అంచుల వైపు ఇంకా దూరం సాగుతాయి. నీటిని పక్కకు తోయడమే వాటి పని. వానలో ఎవరూ బండిని అంచు దాకా వాల్చరు కదా, భుజాల మీద గాడులెందుకని అడగవచ్చు. మంచి ప్రశ్నే. వానలో కాపాడేది గాడులకన్నా ముందు రబ్బరు. 1990ల నుంచి టైర్ల రబ్బరులో నల్లటి కార్బన్ పొడితో పాటు సిలికా వాడకం బాగా పెరిగింది. తడి మీద, చలిలో పట్టు నిలిచేది దానివల్లే. స్పోర్ట్ టూరింగ్ టైర్లలో దానికి పెద్ద పీట వేస్తారు.

అరుగుదల దగ్గర తేడా మరీ స్పష్టం. వెనక చక్రం వెనక చతికిలబడి, కళ్లు టైరు ఎత్తుకు తెచ్చి దాని ఆకారాన్ని చూడండి. కొత్త టైరు చక్కటి విల్లులా వంగి ఉంటుంది. తిన్నటి రోడ్ల మీద ఎక్కువగా తిరిగిన టైరు నడుమ బల్లపరుపుగా అరిగిపోయి, రెండు పక్కలా గట్టు కట్టి కనిపిస్తుంది. అలాంటి టైరుతో మలుపులో వాల్చబోతే బండి మొదట మొరాయిస్తుంది, గట్టు దాటగానే మెట్టు దిగినట్టు ఒక్కసారిగా పడుతుంది. గాడుల్లో ఇంకా లోతు ఉంది కదా అని చాలామంది అలాగే నడుపుతారు. లోతుకన్నా ముందు ఆకారం చెడిపోతుందని గుర్తించరు. ఈ ఇబ్బందిని తగ్గించడానికే నడుమ గట్టి రబ్బరు, భుజాలకు మెత్తటి రబ్బరు వేసి రెండు మిశ్రమాల టైర్లు చేస్తున్నారు. ఇప్పుడు రెండు రకాల్లోనూ ఆ ఏర్పాటు ఉంది. అయినా స్పోర్ట్ టూరింగ్ టైరు నడిమి రబ్బరు మరింత ఓర్చుకుంటుంది. బండి బరువు, నడిపే తీరును బట్టి లెక్క మారినా, వెనక టైరు స్పోర్ట్ రకంకన్నా దాదాపు రెట్టింపు దూరం రావడం అరుదేమీ కాదు.

మరి స్పోర్ట్ టైరు ఎవరికి? మలుపులో చటుక్కున వాలే చురుకుదనం, ముందు చక్రం కింద నేల ఎలా ఉందో చేతులకు తెలిసిపోయే స్పష్టత దాని సొంతం. వెచ్చటి, పొడి వాతావరణంలో, కొండదారుల్లో ఆగకుండా హుషారుగా నడిపేవారికి, ఏడాదికి ఒకటి రెండుసార్లు ట్రాక్ మీదికి కూడా వెళ్లేవారికి ఆ తేడా తెలుస్తుంది. రెండో బండి ఉండి, ఇది సరదాకే అనుకునేవారు నిస్సంకోచంగా స్పోర్ట్ టైరే వేసుకోవచ్చు.

ఇక వెడల్పు మోజు. కంపెనీ 180 మిల్లీమీటర్ల వెడల్పు టైరు ఇస్తే 190 వేయించుకోవాలన్న ఆశ చాలామందిది. ఒక చిన్న లెక్క వేద్దాం. వెనక చక్రం మీద 150 కిలోల బరువు, టైరులో 36 పీఎస్‌ఐ గాలి ఉన్నాయనుకోండి. 36 పీఎస్‌ఐ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.5 కిలోలు. బరువును ఒత్తిడితో భాగిస్తే 60 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. టైరు నేలను తాకే మేర ఇంచుమించు అంతే, అరచేయంత కూడా లేదు. అదే బరువు, అదే గాలి ఉన్నప్పుడు వెడల్పాటి టైరు వేసినా ఆ మేర పెద్దగా పెరగదు. దాని ఆకారం మారుతుంది, అంతే. పైగా 180 టైరు కోసం చేసిన 5.5 అంగుళాల రిమ్ముకు 190 ఎక్కిస్తే అంచులు దగ్గరికి నొక్కుకుపోయి, తయారీదారు అనుకున్న రూపం పోతుంది. బండి మలుపు తిరగడానికి బద్ధకిస్తుంది. పైన పటారం, లోన లొటారం.

టైరు లోపలి అల్లికను బట్టి వచ్చే రెండు రకాలు, రేడియల్, బయాస్ మధ్య ఎంపిక మాత్రం నిజానికి మన చేతిలో లేదు, బండి చేతిలో ఉంది. బయాస్ టైరులో లోపలి దారాల పొరలు ఏటవాలుగా ఒకదానికొకటి అడ్డంగా పోతాయి. రేడియల్‌లో అవి ఈ అంచు నుంచి ఆ అంచుకు నేరుగా సాగుతాయి, నడుమ పైన బిగువైన పట్టీ ఉంటుంది. వేగంలో రేడియల్ తక్కువ వేడెక్కుతుంది, స్థిరంగా ఉంటుంది. అలాగని సన్నటి రిమ్ములతో, బయాస్ టైర్లతో వచ్చిన చిన్న బండికి రేడియల్ వేస్తే మెరుగవుతుందని లేదు, సరిపోయే కొలత దొరకకనూ పోవచ్చు. తయారీదారు చెబితే తప్ప ముందొకటి వెనకొకటి కలపవద్దు.

ట్యూబ్‌లెస్‌కు వీలున్న రిమ్ము ఉంటే మరో ఆలోచన అక్కర్లేదు. మేకు దిగినా గాలి మెల్లగా పోతుంది, పక్కకు వచ్చి ఆగే వ్యవధి దొరుకుతుంది. ట్యూబు చిరిగితే ఆ వ్యవధి ఉండదు. గుబ్బల టైర్లంటారా? మట్టిదారి మీద ఎక్కువగా తిరిగేవారికి సరే. తారు మీద అవి మోత పెడతాయి, త్వరగా అరుగుతాయి, తడిలో బ్రేకు వేసినప్పుడు పట్టు చాలదు. చూడటానికి బాగుంటాయని వాటిని వేయించుకోవడం నాకు మింగుడు పడదు.

కొనే ముందు టైరు పక్కగోడను చదవండి. 180/55 జెడ్ఆర్ 17 73డబ్ల్యు అని ఉంటే వెడల్పు 180 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 17 అంగుళాలు. 73 అంటే 365 కిలోల వరకు మోయగలదు, డబ్ల్యు అంటే గంటకు 270 కిలోమీటర్ల వేగం వరకు. ఈ చివరి రెండూ బండితో వచ్చినవాటికి తగ్గకూడదు. పక్కగోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి: 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైందని. వెనక టైరు ముందుదానికన్నా త్వరగా అరుగుతుంది గనుక వెనకదొక్కటే మార్చాలన్న బేరం ఎప్పుడూ వస్తుంది. ముందుది ఆకారం చెడకుండా, వయసు మీరకుండా ఉండి, వెనకకు అదే మోడల్ దొరికితే అలాగే కానివ్వండి. వేరే రకానికి మారుతున్నట్టయితే రెండూ కలిపి మార్చి, మొదటి 150 కిలోమీటర్లు బండిని నిదానంగా వాల్చండి.