జైసల్మేర్ డెసర్ట్ నేషనల్ పార్క్ జీప్ సఫారీ: బట్టమేక పక్షి (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం వెళ్ళొచ్చు, 5కి 3.5

డిసెంబర్‌లో వెళ్ళాం. పొద్దున్నే ఆరింటికి వస్తానన్న జీపు ఏడున్నరకి వచ్చింది, అడిగితే చలి సార్ అన్నాడు, సరే అదొదిలేయండి. పార్కులోనే ఉన్న సుదాసరి దగ్గర ఫెన్సింగ్ వెనకాల గడ్డిలో దూరంగా రెండు బట్టమేక పక్షులు కనపడ్డాయి, బైనాక్యులర్స్ మాత్రం మీరే తెచ్చుకోండి, వాళ్ళిచ్చేది దండగ.

గైడ్ కుర్రాడు మాత్రం సూపర్. పేరుకి నేషనల్ పార్కే గానీ కాగితాల మీద ఇది 1980లో నోటిఫై చేసిన శాంక్చురీ అంట, 3,162 చదరపు కిలోమీటర్లు, లోపల ఊళ్ళూ పొలాలూ మేకల మందలూ అన్నీ ఉన్నాయి. పక్షికేమో వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1 రక్షణ, అంటే పులికి ఉన్నంత, కానీ దానికి ఎదురుగా ఉన్నది సరిగ్గా కనపడదు, బరువెక్కువ, గబుక్కున తిరగలేదు, కరెంటు తీగలకి తగిలి చచ్చిపోతాయి. తీగలు భూమిలో వేయమని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది, 2024లో అదే కోర్టు ఆ ఆర్డర్ సడలించి కమిటీ వేసింది. శాంక్చురీ గీత దాటి ఎగిరితే తీగలే కదా మరి!

మన కర్నూలు వైపు రోళ్లపాడులో ఒకప్పుడు ఇవే ఉండేవని చెప్తే ఆ కుర్రాడు నమ్మలేదు. మధ్యాహ్నం స్లాట్ వద్దు, పొద్దున్నే వెళ్ళండి.