ఆగిన సెల్లర్ డబ్బు విడిపించే సర్వీసులు: దేనికి ఖర్చు పెట్టొచ్చు, దేనికి వద్దు

పలాస జీడిపప్పు, పొందూరు ఖద్దరు, బుడితి ఇత్తడి సామాను ఆన్‌లైన్లో అమ్మేవాళ్లకి (సెల్లర్లకి) అమెజాన్ లాంటి సైటులో అకౌంటు ఆగి, రావాల్సిన డబ్బు నిలిచిపోతే శ్రీకాకుళం, విజయనగరంలలో మూడు రకాల సాయం దొరుకుతుంది: పన్నులు చూసే కన్సల్టెంటు, నెట్ సెంటరు, "అన్‌బ్లాక్ చేయిస్తాం" అనే ఏజెంటు. కన్సల్టెంటుకి జీఎస్టీ సవరణ అప్పగిస్తే ఇచ్చిన ఫీజు దండగ కాదు. నెట్ సెంటరు స్కానింగు వరకు చాలు. ఏజెంటుకి మాత్రం రూపాయి కూడా ఇవ్వొద్దు. మీ లాగిన్‌లో మీరు పెట్టుకునే అప్పీలునే అతనూ పెడతాడు. అతని చేతిలో వేరే తాళం ఏదీ ఉండదు.

చాలాసార్లు చిక్కంతా పేరు దగ్గరే. మార్కెట్‌ప్లేస్, అంటే మీరు సరుకు అమ్ముతున్న సైటు, మీ బ్యాంకు ఖాతాకి ఒక రూపాయి వేసి, బ్యాంకు తిప్పి చెప్పే పేరుని పాన్‌తో, జీఎస్టీతో పోల్చి చూస్తుంది. మనకేమో ఆధార్‌లో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, పాన్‌లో చివరికి పోతుంది, పాస్‌బుక్‌లో ఒక్క అక్షరమై మిగులుతుంది. "లక్ష్మి"ని ఒకచోట ఎక్స్‌తో, ఇంకోచోట కేఎస్‌హెచ్‌తో రాసినా యంత్రానికి ఇద్దరు మనుషులే.

ఇక్కడ పాన్‌నే ఆధారంగా పెట్టుకోవాలి. జీఎస్టీలోని లీగల్ నేమ్ (చట్టప్రకారం పేరు) పాన్ నుంచే వస్తుంది. మన రాష్ట్రం జీఎస్టీ నంబరు 37తో మొదలవుతుంది, తర్వాతి పది అక్షరాలు పాన్ నంబరే. అందుకని పాన్ సరిగ్గా ఉంటే బ్యాంకు, ఆధార్ పేర్లని దానికి తగ్గట్టు మార్పించండి. పాన్‌లోనే తప్పుంటే ముందు అది, తర్వాతే జీఎస్టీ. ఈ వరస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాల్సొస్తుంది. కరెంట్ ఖాతా దుకాణం పేరు మీద ఉంటే ఆ పేరు జీఎస్టీ సర్టిఫికెట్లో ట్రేడ్ నేమ్‌గా, అంటే వ్యాపారం పేరుగా, కనబడాలి. యజమాని ఎవరో చెప్పే లెటర్ బ్యాంకు నుంచి తీసుకోండి.

మన వైపు ఇంకో రెండు ఇబ్బందులున్నాయి, బయటి ఏజెంట్లకి ఇవి తట్టవు. ఒకటి బ్యాంకుల విలీనం. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, గ్రామీణ వికాస్ బ్యాంకు మన రాష్ట్ర శాఖలు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులోకి వెళ్లాయి. పాత పాస్‌బుక్ అప్‌లోడ్ చేయకండి. బ్రాంచికి వెళ్లి ఇప్పుడు నడుస్తున్న ఐఎఫ్ఎస్‌సీ కోడ్ అడిగి, పేరు అచ్చయిన క్యాన్సిల్డ్ చెక్కు పెట్టండి. రెండోది జిల్లా. 2022 ఏప్రిల్ 4 తర్వాత రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి మారాయి. ఆధార్‌లో శ్రీకాకుళం, జీఎస్టీలో కొత్త జిల్లా ఉంటే చిరునామా పొసగలేదని తిప్పికొడతారు. జీఎస్టీ పోర్టల్లో ఇలాంటి ముఖ్యమైన వివరాలు మార్చడానికి (కోర్ సవరణకి) ఆర్‌ఈజీ-14 ఫారం వేయాలి, ప్రభుత్వానికి ఫీజేమీ లేదు. ఆమోదం రాగానే కొత్త సర్టిఫికెట్ దించుకోండి. సవరణ చేయించి కూడా పాత పీడీఎఫ్‌నే పెట్టడం తరచూ జరిగే పొరపాటు. గోడౌన్ వేరే ఊళ్లో ఉంటే దాన్నీ అదనపు వ్యాపార స్థలంగా చేర్చాలి.

ఈ-ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది, అవతలివాళ్లకి తెరుచుకోదు. తెరిచి, మళ్లీ పీడీఎఫ్‌గా ప్రింట్ తీసి పంపండి. కాగితం నాలుగు మూలలూ కనబడాలి. వీడియో వెరిఫికేషన్ అడిగితే ఒరిజినల్స్ చేతిలో ఉంచుకోండి, జీఎస్టీ నంబరున్న దుకాణం బోర్డు చూపించండి. ఆ బోర్డు ఎలాగూ నిబంధన ప్రకారం ఉండాల్సిందే.

తర్వాత సెటిల్‌మెంట్ రిపోర్టు, అంటే సైటు మీకిచ్చే చెల్లింపుల లెక్క, తెరవండి. కట్ అయినదంతా ఆగిన డబ్బు కాదు. అమ్మకాల మీద సైటు ముందే పట్టుకుని కట్టే జీఎస్టీ, అంటే టీసీఎస్, 2024 జూలై 10 నుంచి 0.5 శాతం. జీఎస్టీ పోర్టల్లో టీడీఎస్, టీసీఎస్ క్రెడిట్ పేజీలో అంగీకరిస్తే అది మీ క్యాష్ లెడ్జర్‌లోకి (పన్ను కట్టడానికి పోర్టల్లో ఉండే మీ ఖాతాలోకి) చేరుతుంది. ఆదాయపు పన్ను కింద ముందే కోసే టీడీఎస్ 2024 అక్టోబరు 1 నుంచి 0.1 శాతం, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది. కొన్నవాళ్లు సరుకు తిప్పి పంపొచ్చని పట్టి ఉంచిన సొమ్ము గడువు తీరాక వస్తుంది. ఇవి పోగా మిగిలిందే అసలు మీరు అడగాల్సిన మొత్తం.

సెల్లర్ సపోర్టుకి ఒకే కేసు పెట్టండి. సెటిల్‌మెంట్ నంబరు, తేదీ, మొత్తం, ఏ కాగితంలో ఏం మార్పించారో నాలుగు వాక్యాల్లో రాస్తే చాలు. మారని కాగితాన్నే మళ్లీ పంపితే ముందొచ్చిన రెడీమేడ్ జవాబే మళ్లీ వస్తుంది. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ కొనుగోలుదార్ల కోసం, సెల్లర్లకి సరైన దారి కాదు.

తొందరపడి రెండో అకౌంటు తెరవకండి. అదే పాన్, అదే బ్యాంకు, అదే కంప్యూటరు కనబడితే రెండిటినీ ముడిపెట్టి రెండూ ఆపేస్తారు. నలుగురి అకౌంట్లు ఒకే సిస్టమ్‌లో తెరిచే ఏజెంటుతోనూ ఇదే ప్రమాదం. ఇప్పటికే లాగిన్ ఇచ్చి ఉంటే ఈ రోజే పాస్‌వర్డ్ మార్చి, రిజిస్టరైన ఫోన్ నంబరు, ఈమెయిలు, బ్యాంకు ఖాతా మీవేనో కాదో చూసుకోండి.