బాల్డర్స్ గేట్ 3: పాచిక ఓడినా ఆగని కథ

చేర్యాల నకాశీ పటంలో కథ పై నుంచి కిందికి వరుసలుగా గీసి ఉంటుంది. కథకుడు చుట్ట విప్పుతూ పోతాడు. తరువాత రాబోయే బొమ్మ ఏదో అతనికీ, చాలాసార్లు వినేవాళ్లకూ ముందే తెలుసు. ఒక పాత్రగా మారి ఆడే, ఆడేవాడికి నిర్ణయాధికారం ఇచ్చిన రోల్ ప్లేయింగ్ కంప్యూటర్ ఆటలో ఆ సౌకర్యం ఉండదు. దారి చీలిన ప్రతిచోటా రెండు మూడు బొమ్మలు గీసిపెట్టి, వాటిలో కొన్నింటిని ఎవరూ చూడకపోయినా సరేనని రచయితలు సిద్ధపడాలి. అందుకు నిజంగా సిద్ధపడినవారు తక్కువ. బెల్జియంకు చెందిన లారియన్ స్టూడియోస్ ఆ తక్కువమందిలో ఒకరని ‘బాల్డర్స్ గేట్ 3’ను రెండుసార్లు పూర్తి చేశాక చెప్పగలను.

ఈ వరుసలో మొదటి ఆట 1998లో, రెండోది 2000లో వచ్చాయి. మూడోది 2020 అక్టోబరులో అసంపూర్ణంగానే ఆటగాళ్ల చేతికి అంది, 2023 ఆగస్టు 3న పూర్తి రూపంలో విడుదలైంది. బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఐదో కూర్పు నియమాలే దీనికి ఆధారం. మెదడులో పురుగు చేరిన కొందరు అపరిచితులు, అది తమను రాక్షసులుగా మార్చేలోపు విరుగుడు వెతుక్కుంటూ బయలుదేరడంతో కథ మొదలవుతుంది.

మొదటి అంకంలో ప్రకృతిని కొలిచే మంత్రగాళ్లైన డ్రూయిడ్ల వనం ఒకటి వస్తుంది. అక్కడ తలదాచుకున్న శరణార్థుల పిల్ల అరబెల్లా పవిత్ర విగ్రహాన్ని దొంగిలించి పట్టుబడుతుంది. కాఘా అనే డ్రూయిడ్ తన పామును ఆ పిల్ల మీదికి ఉసిగొల్పి నిలబడుతుంది. నచ్చజెప్పబోయాను. ఇలాంటి ప్రయత్నం ఫలిస్తుందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది, పెద్ద అంకె పడాలి. నాకు 4 పడింది. పిల్ల పారిపోబోయింది, పాము కాటేసింది. బతుకమ్మ సెలవులకు కాజీపేట నుంచి హనుమకొండలోని మా ఇంటికి వచ్చిన మేనల్లుడు పక్కనే కూర్చుని చూస్తూ, “మల్ల లోడ్ చెయ్యి మామా, పిల్ల బతుకుతది” అన్నాడు. ముందు దాచుకున్న చోటికి ఆటను వెనక్కి తిప్పమని వాడి మాట. నేను చేయలేదు. బయటికి వచ్చి ఆ పిల్ల తల్లిదండ్రులకు ఎదురుపడవలసి వచ్చింది. తరువాత ఆ వనంలో ఎవరితో మాట్లాడినా ఆ చావు నా వెంటే ఉంది.

ఈ ఆట గొప్పతనం నాకు కనిపించింది అక్కడే. పాచిక ఓడిపోతే కథ ఆగదు, మరో కథ మొదలవుతుంది. ముగింపులకు 17,000 భేదాలున్నాయని విడుదలకు ముందు వినిపించిన మాట నన్ను అంతగా కదిలించలేదు. ఎన్ని ముగింపులున్నా మనం చూసేది ఒక్కటే. దారిలో ఏం పోగొట్టుకున్నామన్నది మాత్రం గంట గంటకూ తెలుస్తూనే ఉంటుంది. ఓటమిని మింగలేనివారికి ఇన్‌స్పిరేషన్ పాయింట్లున్నాయి, వాటితో పాచికను మళ్లీ వేయవచ్చు. అయితే నాలుగుకు మించి దాచుకోలేము. ఆ పొదుపు న్యాయంగా ఉంది. వెనక్కి తిరిగే దారే వద్దనుకునేవారు, తరువాత చేర్చిన ఆనర్ మోడ్ అనే పద్ధతిలో, ఆటను దాచుకునే సేవ్ ఒకే ఒకటి పెట్టుకుని ఆడవచ్చు.

లోపం చెడ్డదారిలో ఉంది. వనానికి శత్రువులైన గోబ్లిన్లనే మూక పక్షం చేరి దాన్ని ధ్వంసం చేస్తే మన జట్టు సహచరులు విల్, కార్లాక్ మనతో నిలవరు, తోడుగా రాగల డ్రూయిడ్ హాల్సిన్ దక్కడు, శరణార్థులతో ముడిపడి ముందుముందు రావలసిన సన్నివేశాలన్నీ పోతాయి. బదులుగా తోడు వచ్చేది ప్రధానంగా గోబ్లిన్ల నాయకుల్లో ఒకరైన మింథారా ఒక్కతే. ఆమె పాత్ర రచన పదునైనదే, కాదనను. కానీ ఇంత పెద్ద ద్రోహానికి కథ తిరిగి ఇచ్చేది అంతేనా అనిపిస్తుంది. దుర్మార్గం ఎంచుకున్నవాడికి ఖాళీ ఇల్లు చూపించడం శిక్ష కావచ్చు గానీ, కథ కాదు. చిత్రంగా ఇదే ఆటలోని ‘డార్క్ అర్జ్’ పాత్ర ఈ చిక్కును చాలావరకు విప్పుతుంది. గతం మరచి, చంపాలన్న కోరికతో లోలోపల ఉడికిపోయే ఆ పాత్రతో ఆడితే చెడు అనేది మెనూలోని ఒక వరుసగా కాక, ప్రతి సంభాషణలో అణచుకోవలసిన లేదా లొంగిపోవలసిన ఒత్తిడిగా మారుతుంది. రెండోసారి ఆడేవారికి నా సలహా ఆ పాత్రే.

మూడో అంకంలో నగరం చేరాక ముడులన్నీ ఒకేచోట గుమిగూడి, రెండో అంకంలోని బిగువు సడలుతుంది. కంప్యూటర్‌లో 150 జీబీ ఖాళీ ఉన్న ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) కావాలి. తెలుగు లేదు, చదవవలసిన ఇంగ్లిష్ కొండంత ఉంది.

మేనల్లుడు తన కంప్యూటర్‌లో లోడ్ చేసి, చేసి, అరబెల్లాను బతికించుకున్నాడు. రెండో అంకంలో ఆ పిల్ల వాడికి ఎదురై, అమ్మానాన్నలను వెతికిపెట్టమని అడిగింది. ఒక వైద్యశాలలో వాడికి వాళ్ల శవాలు దొరికాయి. ఆ సంగతి పిల్లకు చెప్పాలా, అబద్ధం ఆడాలా అని ఆ రాత్రి నాకు ఫోన్ చేసి అడిగాడు.