డీఆర్‌ఓ పెట్టించిన మూడేళ్లకు: పాయింట్ ఒకటి ఎక్కడ పోయింది?

మా షెడ్డు జీడిమెట్లలో. ఒక లేత్, ఒక పిల్లర్ డ్రిల్లింగ్, సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఎమ్‌వన్‌టీఆర్ మిల్లింగ్, అంతే సామాను. ఆ మిల్లింగ్‌కు మూడేళ్ల కింద రెండు యాక్సిస్‌ల డీఆర్‌ఓ, అంటే టేబుల్ ఎంత కదిలిందో స్క్రీన్ మీద అంకెల్లో చూపే డిజిటల్ రీడౌట్ పెట్టించాను. స్కేళ్లు, ఫిట్టింగ్ అన్నీ కలిపి 23 వేలు అయింది. అందులో ఏ బటన్ ఏం చేస్తుందో ఈ పాటికి అందరికీ తెలుసు, అది రాయను. ఈఎన్8 (మీడియం కార్బన్ స్టీల్) బార్లలో హోల్స్ కొట్టే పనికి అది ఎంత ఆదుకుందో, ఎక్కడ ముంచిందో అది మాత్రం చెబుతాను.

ముందు నా సంబరం సంగతి. నా మెషీన్‌లో హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే టేబుల్ 5 మిల్లీమీటర్లు కదులుతుంది. డ్రాయింగ్‌లో 137.5 అని ఉందంటే 27 చుట్లు, ఆపైన సగం చుట్టు. పద్దెనిమిదో చుట్టులో ఫోన్ మోగుతుంది. ఎత్తి, "సాయంత్రానికి ఇచ్చేస్తా సార్" అని పెట్టేసి చూస్తే ఎన్ని తిప్పానో గుర్తుండదు. మళ్లీ మొదటికి. దానికితోడు టేబుల్‌ను కదిపే స్క్రూలో అర మిల్లీమీటరు దాకా ప్లే (వదులు, అదే బ్యాక్‌లాష్) ఉంది. కొంచెం దాటిపోతే వెనక్కి బాగా తిప్పి, మళ్లీ అదే వైపు నుంచి రావాలి. పదిహేనేళ్లు అలాగే చేశాను.

డీఆర్‌ఓ వచ్చిన రోజు ఈ లెక్కలన్నీ పోయాయి. స్కేలు టేబుల్‌నే చూస్తుంది కాబట్టి స్క్రూ ఎంత అరిగినా దానికి పనిలేదు. అన్నిటికంటే నాకు నచ్చింది సగం చేసే బటన్. 40 అని కొన్న బ్రైట్ బార్ కొలిస్తే 39.9 ఉంటుంది, ఇంకో ముక్క ఇంకోలా ఉంటుంది. అంచు ఎక్కడుందో పట్టే ఎడ్జ్ ఫైండర్‌తో ఒక పక్క తాకించి జీరో చేసి, రెండో పక్క తాకించి ఆ బటన్ నొక్కితే సరిగ్గా మధ్య ఎక్కడో చెప్పేస్తుంది. తెలిసినవాళ్లందరికీ "కళ్లు మూసుకుని పెట్టించుకోండి, ఇక బ్యాక్‌లాష్ గొడవే ఉండదు" అని చెప్పాను. నా మాట విని ఇద్దరు పెట్టించుకున్నారు కూడా.

ఆ మాట ఇప్పుడు కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను.

పోయిన వేసవిలో బాలానగర్ నుంచి 20 బార్ల ఆర్డర్ వచ్చింది. 40 బై 20 ఈఎన్8, ఒక్కోదాంట్లో నాలుగు ఎం8 ట్యాపులు (బోల్టు మరల హోల్స్), మూడు 8 మిల్లీమీటర్ల డోవెల్ హోల్స్ (పార్టును కచ్చితమైన చోట నిలిపే పిన్నుల కోసం), సైజు హెచ్7 అనే సన్నటి లిమిట్‌లో. డోవెల్స్ మధ్య పిచ్ 80, ఎడమ చివర నుంచి మొదటి డోవెల్ 30. లొకేషన్‌లో 0.02 మిల్లీమీటరు కంటే తేడా రాకూడదు. తొమ్మిది బార్లు నేను చేశాను. మిగతా పదకొండు మా దగ్గర రెండేళ్లుగా ఉన్న కుర్రాడు చేశాడు. ఐటీఐ చదివాడు, చెయ్యి మంచిది.

పదకొండు బార్లు వెనక్కి వచ్చాయి. అన్నీ వాడు చేసినవే.

వాణ్ని అరిచాను, దాచడం ఎందుకు. వాడు నోరెత్తలేదు. తర్వాత నేనే కూర్చుని కొలిచాను. పక్కపక్క డోవెల్ హోల్స్ రెండింట్లో పిన్నులు పెట్టి, వాటి బయటి అంచులకు మైక్రోమీటర్ పడితే 88.00. అందులోంచి పిన్ను 8 తీసేస్తే పిచ్ 80, వంక పెట్టడానికి లేదు. అదే బార్‌ను సర్ఫేస్ ప్లేట్ మీద నిలబెట్టి చివర నుంచి హైట్ గేజ్‌తో చూస్తే 30 ఉండాల్సిన చోట 29.9. పదకొండింటికీ అంతే. హోల్ కొట్టడంలో తప్పయితే ఒక్కోటి ఒక్కోలా ఉండాలి. ఇలా వరసగా ఒకేలా పోయిందంటే జీరోలోనే తేడా అనుకున్నాను. ఎడ్జ్ ఫైండర్ మార్చాను. కొత్తదాంతోనూ అంతే వచ్చింది.

అమ్మినవాళ్ల టెక్నీషియన్‌ను పిలిపించాను. ఆయన టేబుల్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు రెండుసార్లు తిప్పి, "స్కేలు బాగుంది, మెషీన్‌లో ప్లే ఉంది" అన్నాడు. స్క్రూ ప్లేతో పనిలేదనే కదా ఇది కొన్నది! ఆ ముక్కకు విజిటింగ్ చార్జీ 1500.

అసలు క్లూ ఇచ్చింది కుర్రాడే. ఎలా చేశావో మొదటి నుంచి చెప్పమంటే, "అన్నా, పోయేటప్పుడు ట్యాపులవి కొట్టిన. వచ్చేటప్పుడు ఒక్కో డోవెల్ కాడ టేబుల్ లాక్ చేసి స్పాట్, డ్రిల్, రీమర్ మూడూ కొట్టిన. ఖాళీగ ఎందుకు తిప్పుడు వెనక్కి?" అన్నాడు. స్పాట్ అంటే డ్రిల్‌కు దారి చూపే చిన్న గుంట, రీమర్ అంటే హోల్‌ను కచ్చితమైన సైజుకు తెచ్చే పనిముట్టు. పని తెలిసినవాడి పద్ధతే. నేను మాత్రం పాత అలవాటు కొద్దీ ప్రతి హోల్‌కూ ఎడమ నుంచే వచ్చాను. జీరో తీసిందీ ఎడమ నుంచే. తేడా అక్కడుంది.

టేబుల్‌కు డయల్ (గీతకు 0.01 మిల్లీమీటరు చూపే ముల్లు గేజ్) పెట్టి, హ్యాండిల్‌ను మెల్లగా వెనక్కి తిప్పాను. డయల్ ముల్లు కదిలింది. రెండు గీతలు, ఐదు, ఎనిమిది... స్క్రీన్ మీద అంకె అలాగే నిలబడి ఉంది. ముల్లు పది గీతలు దాటబోతుండగా అప్పుడు మొదలైంది 0.005, 0.010 అని. సరిగ్గా పాయింట్ ఒకటి, అంటే 0.1 మిల్లీమీటరు!

వెనక కవర్ విప్పి చూస్తే, టేబుల్ కింది శాడిల్ నుంచి, స్కేలును చదివే రీడర్ హెడ్ దాకా జానెడు పొడవు అల్యూమినియం పట్టీ. ఫిట్టింగ్ రోజున చేతికందింది వంచి బిగించేశారు. స్కేలు రబ్బరు పెదాల మధ్య కూలెంట్, సన్నటి చిప్స్ చేరి జిగురులా గట్టిపడ్డాయి. హెడ్ సులువుగా జారడం లేదు. వెనక్కి తిప్పినప్పుడల్లా టేబుల్‌తోపాటు, కదలకుండా ఉండాల్సిన హెడ్ కూడా కాస్త వెళ్తోంది, పట్టీ వంగినంత మేర. మొదటి రెండేళ్లు రబ్బరు మెత్తగా ఉంది కాబట్టి బయటపడలేదు.

రబ్బరు శుభ్రం చేసి, 12 మిల్లీమీటర్ల ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ఫ్లాట్‌తో పొట్టి బ్రాకెట్ చేశాను. ఇప్పుడు వెనక్కి తిప్పితే డయల్‌కూ స్క్రీన్‌కూ ఒక గీత తేడా కూడా రావడం లేదు. పదకొండు బార్ల మెటీరియల్ నాదే పోయింది. కుర్రాడికి సారీ చెప్పలేదు కానీ ఆ వారం టిఫిన్లు నేనే తెప్పించాను.

ఇంకో మాట. డీఆర్‌ఓ టేబుల్ ఎక్కడుందో చెబుతుంది, డ్రిల్ ఎటు పోతుందో దానికి తెలియదు. సెంటర్ పంచ్ మానేశాను కానీ స్పాట్ డ్రిల్ మానలేదు. అది కూడా 120 డిగ్రీలది. 60 డిగ్రీల సెంటర్ డ్రిల్ గుంటలో 118 డిగ్రీల డ్రిల్ దింపితే ముందు అంచులు తగిలి కొట్టుకుంటుంది. స్పాట్ సరిగా పడకపోతే ఆ తర్వాత రీమర్ ఏమీ దిద్దదు, ఉన్న బొక్క వెంటే పోతుంది. కరెంటు పోయినప్పుడు టేబుల్ కదిలితే జీరో గల్లంతే, కాబట్టి మా ఏరియాలో లాక్ చేసి పెట్టడం మేలు.

మరి కొనొచ్చా అంటే, నాలాగా పది ఇరవై పీసుల జాబులు చేసేవాళ్లకు కొనొచ్చు. ఫ్లాంజిలు, బేస్ ప్లేట్లు మాత్రమే చేస్తే మార్కింగ్, పంచ్ చాలు, ఆ డబ్బుతో మంచి వైస్ వస్తుంది. వందల్లో ఒకటే బార్ అయితే బుష్ వేసి జిగ్ (డ్రిల్‌కు దారి చూపే అచ్చు) చేసుకోవడమే నయం. నా మెషీన్ పాతది, కూలెంట్ కూడా ఎక్కువే కొడతాను, కొత్త మెషీన్ మీద నా అంత తిప్పలు పడకపోవచ్చు. ఫిట్టింగ్ రోజున మాత్రం పక్కనే నిలబడి ఏ బ్రాకెట్ వేస్తున్నారో చూడండి. నేను ఆ రోజు టీ తాగడానికి వెళ్లాను.

మూడో యాక్సిస్ కూడా పెట్టిద్దాం అన్నా అని కుర్రాడు పోరుతున్నాడు. దసరాకు చూద్దాం అన్నాను. దానికి కావాల్సిన ఎంఎస్ ముక్క అప్పుడే కోసి పక్కన పెట్టాడు.